సముద్ర శిలాజాలతో శిలల కాలనిర్ణయం

అవక్షేప శిలల్లో నిలిచిన సముద్రజీవుల అవశేషాలను బట్టి ఆ శిల ఏ కాలంలో పేరుకుందో తేల్చే విధానాన్ని భూవిజ్ఞానంలో జీవస్తరశాస్త్రం అంటారు. ఇది నేరుగా ఇన్ని సంవత్సరాలని చెప్పదు. ఏ పొర ముందు, ఏది వెనక, ఎక్కడెక్కడి రాళ్లు ఒకే కాలానివి అన్నది చెబుతుంది. సంవత్సరాల లెక్క రేడియోధార్మిక పద్ధతుల నుంచి వస్తుంది. అయినా కేంబ్రియన్, డెవోనియన్, జురాసిక్, క్రెటేషియస్ అంటూ మనం చదువుకునే కాలపట్టికను కట్టింది శిలాజాలే. రేడియోధార్మికత అన్న మాట పుట్టకముందే ఆ పట్టికలోని యుగాలన్నీ తమ వరసలో కుదురుకున్నాయి.

పద్ధతి పుట్టుక

1666లో ఇటలీలోని లివోర్నో తీరంలో జాలరులు ఒక పెద్ద సొరచేపను పట్టారు. దాని తలను ఫ్లోరెన్సులో కోసి పరిశీలించే పని డెన్మార్క్ వైద్యుడు నికోలస్ స్టెనోకు దక్కింది. ఆ చేప పళ్లకూ, మాల్టా ద్వీపపు రాళ్లలో దొరికే 'నాలుక రాళ్ల'కూ తేడా లేదని ఆయన గుర్తించాడు. కొండరాళ్లలో సముద్రపు చేప పళ్లు ఎలా చేరాయన్న ప్రశ్న ఆయన్ను రాతిపొరల దగ్గరికి నడిపింది. కదలని వరసలో కిందిపొర పాతది, పైపొర కొత్తది అన్న సూత్రాన్ని 1669లో ప్రకటించాడు. ఇవాళ చిన్నపిల్లలకైనా తట్టేంత సులువుగా కనిపించే ఈ సూత్రం లేకపోతే తరవాతిదేదీ లేదు.

పొరల వరసను శిలాజాల వరసతో కలిపినవాడు ఇంగ్లండుకు చెందిన విలియం స్మిత్. ఆయన కమ్మరి కొడుకు, పెద్ద చదువులు లేని సర్వేయరు. 1790లలో సోమర్సెట్ బొగ్గు కాలువ తవ్వకానికి కొలతలు తీస్తూ ఒక చిక్కు ఎదుర్కొన్నాడు. బంకమన్ను, సున్నపురాయి, మళ్లీ బంకమన్ను, మళ్లీ సున్నపురాయి. రంగు చూసి, గరుకు చూసి ఏది ఏ పొరో చెప్పడం అసాధ్యం. కానీ ఒక్కో పొరలోని గుల్లలు వేరు. ఒక పొరలో ఉన్న రకం దాని కిందా పైనా కనబడదు. మైళ్ల దూరంలో అదే పొర మళ్లీ బయటపడితే అక్కడ అదే రకం తప్పకుండా ఉంటుంది. 1799లో బాత్ పట్టణంలో పొరల పట్టికను చెప్పి రాయించాడు. 1815లో ఇంగ్లండు, వేల్స్‌ల భూవిజ్ఞాన పటాన్ని ప్రచురించాడు. పటం గొప్పదైనా అప్పులు తీరలేదు. తన శిలాజాలను బ్రిటిష్ మ్యూజియానికి అమ్ముకున్నాడు, 1819లో అప్పులవాళ్ల జైలుకు వెళ్లాడు. 1831లో లండన్ జియలాజికల్ సొసైటీ తన తొలి వొలాస్టన్ పతకాన్ని ఆయనకిచ్చింది. ఆ గౌరవం ఆలస్యంగానైనా అందాల్సినవాడికే అందింది.

దాదాపు అదే కాలంలో పారిస్ చుట్టుపక్కల జార్జ్ కువియే, అలెగ్జాండర్ బ్రొన్యార్ ఇదే దారిలో నడిచారు. సముద్రపు గుల్లల పొరలు, మంచినీటి నత్తల పొరలు ఒకదాని మీద ఒకటి మారుతూ రావడం గమనించారు.

ఇక్కడ కాలక్రమాన్ని గట్టిగా గుర్తుంచుకోవాలి. పరిణామవాదాన్ని నమ్మి శిలాజాలను వరసగా పేర్చారనీ, ఆ వరసనే చూపించి పరిణామాన్ని నిరూపించారనీ ఒక ఆక్షేపణ ఇప్పటికీ వినిపిస్తుంది. అది చరిత్రకు నిలవదు. స్మిత్ పట్టికకు 60 ఏళ్ల తరవాత, 1859లో డార్విన్ గ్రంథం వచ్చింది. కువియే అయితే జీవజాతులు మారతాయన్న ఆలోచననే వ్యతిరేకించాడు. వరస ముందు కళ్లకు కనబడింది, కారణం తరవాత తెలిసింది.

పద్ధతికి పదును పెట్టినవాడు జర్మనీకి చెందిన ఆల్బర్ట్ ఓపెల్. ఫ్రాన్సులో అల్సీడ్ దోర్బిన్యీ అప్పటికే జురాసిక్‌ను పది అంతస్తులుగా విడగొట్టాడు. 1856 నుంచి 1858 వరకు వెలువడిన తన గ్రంథంలో ఓపెల్ రాతి రంగునూ మందాన్నీ పక్కన పెట్టాడు. ఒక్కో జాతి ఏ మట్టం దగ్గర మొదలై ఏ మట్టం దగ్గర ఆగిపోయిందో విడివిడిగా గుర్తించి, వాటి కలయికలతో జురాసిక్‌ను 33 మండలాలుగా విభజించాడు. ఒక జాతి లక్షల ఏళ్లు బతికి ఉండవచ్చు. అయిదారు జాతులు కలిసి ఉన్న కాలం మాత్రం చాలా చిన్నది. అందువల్లే మండలం అన్నది అంత సన్నగా తెగుతుంది. జురాసిక్ అమ్మొనైట్ మండలాలు చాలావరకు పది లక్షల ఏళ్లకు అటూ ఇటూగా, కొన్ని అంతకన్నా తక్కువగా ఉంటాయి.

సముద్రమే ఎందుకు

నేల మీద వాన, గాలి రాతిని కోసుకుపోతాయి. సముద్రపు అడుగున బురద, ఇసుక, సున్నం పేరుకుంటూ పోతాయి. గుల్ల, పెంకు, పన్ను వంటి గట్టి భాగాలు అందులో తొందరగా కప్పబడతాయి. అంతకన్నా ముఖ్యమైన సంగతి, సముద్రాలన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉన్నాయి. నీటి పైపొరలో తేలే జీవి, ఈదే జీవి కొద్దికాలంలోనే ఖండాలు దాటి వ్యాపిస్తుంది. భూగర్భ కాలమానంలో ఆ వ్యవధి లెక్కలోకి రాదు.

కాలాన్ని చెప్పే సూచక శిలాజం తక్కువ కాలం బతికి ఉండాలి, ఎక్కువ దూరం వ్యాపించి ఉండాలి, విరివిగా దొరకాలి, చూడగానే పోల్చుకునేలా ఉండాలి. లింగులా వంటి గుల్లజీవి కోట్ల ఏళ్లుగా పెద్దగా రూపు మార్చుకోలేదు; దాన్ని చూసి రాయి వయసు చెప్పలేం. ఆల్చిప్పలు చాలావరకు నీటి లోతునూ ఉప్పదనాన్నీ చెబుతాయి, కాలాన్ని అంతగా చెప్పవు.

నేల మీది జీవులకూ సముద్రజీవులకూ ఈ తేడా ఎంత ముఖ్యమో మన కోస్తాలోనే చక్కగా కనిపిస్తుంది. ఒంగోలు ప్రాంతంలోని వేమవరం, బుదవాడల దగ్గర, గోదావరి మెట్టలో గొల్లపల్లి, రాఘవాపురం పరిసరాల్లో గోండ్వానా శిలావరస పైభాగానికి చెందిన షేల్, ఇసుకరాయి పొరలున్నాయి. 19వ శతాబ్దంలో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థలో పనిచేసిన ఒట్టొకార్ ఫైస్ట్‌మాంటెల్ వాటిలోని టీలోఫిల్లం వంటి ఆకు ముద్రలను పరిశీలించి ఈ పొరలు జురాసిక్ కాలానివని భావించాడు. బెంగాల్ వైపు రాజమహల్ కొండల వృక్షాలతో వాటికి పోలిక కుదిరింది కూడా. కానీ ఆకులున్న ఈ తీరపు షేల్‌లోనే అమ్మొనైట్ ముద్రలూ దొరికాయి. లండన్‌లో ఎల్.ఎఫ్. స్పాత్ వాటిని పరిశీలించి, అవి క్రెటేషియస్ తొలిభాగపు రకాలని తేల్చాడు. బుదవాడ పేరుతోనే ఒక అమ్మొనైట్ జాతికి నామకరణం జరిగింది. ఆకులు చెప్పింది అబద్ధమని కాదు. ఆ మొక్కలు ఎక్కువ కాలం మారకుండా బతికాయి, కాబట్టి కాలాన్ని ముతకగానే చెప్పగలిగాయి. సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన కొద్దికాలంలో మిగిలిన నాలుగు అమ్మొనైట్ ముద్రలు ఈ పొరల వయసును మరో యుగంలోకి మార్చేశాయి.

కాలాన్ని మోసే జీవులు

ట్రైలోబైట్లు కేంబ్రియన్‌కు ప్రధాన ఆధారం. పెర్మియన్ చివరి దాకా ఏదో ఒక రూపంలో సాగాయి. ఆర్డొవీషియన్, సైలూరియన్ కాలాలకు గ్రాప్టొలైట్లు. నల్లటి షేల్ మీద పెన్సిలుతో గీసిన రంపపు గీతల్లా కనిపించే ఇవి, నీటిలో తేలుతూ గుంపులుగా బతికిన చిన్న జీవుల గూళ్లు. వాటి విలువను చాటినవాడు స్కాట్లండులోని గాలషీల్స్‌లో బడిపంతులుగా పనిచేసిన చార్లెస్ లాప్‌వర్త్. అక్కడి దక్షిణ కొండల్లోని రాళ్లు అంతులేని మందంతో పేరుకున్నాయని అంతకుముందు సర్వే చేసినవారు అనుకున్నారు. లాప్‌వర్త్ ఏళ్ల తరబడి అంగుళం అంగుళం గ్రాప్టొలైట్లను ఏరుతూ, పలచని ఒకే వరస మడతలు పడి మళ్లీ మళ్లీ పైకి తేలుతోందని 1878లో చూపించాడు. రాయిని చూస్తే ఆ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు. మరుసటి ఏడాది, కేంబ్రియన్, సైలూరియన్‌ల సరిహద్దు మీద భూవిజ్ఞానులు సెజ్‌విక్, మర్చిసన్‌ల నుంచి సాగుతున్న తగాదాను తీరుస్తూ మధ్యలో ఆర్డొవీషియన్ యుగాన్ని ప్రతిపాదించాడు.

కోనోడాంట్లు ఇంకా విచిత్రమైనవి. మిల్లీమీటరు కన్నా చిన్నవి, పళ్లలా ఉంటాయి, ఫాస్ఫేటుతో తయారైనవి. సున్నపురాయిని పలచని ఆమ్లంలో నానబెడితే రాయి కరిగిపోయి ఇవి మిగులుతాయి. 1856లో క్రిస్టియన్ పాండర్ వీటిని వర్ణించాడు. ఇవి ఏ జంతువువో తెలియకుండానే వీటితో కేంబ్రియన్ నుంచి ట్రయాసిక్ చివర వరకు మండలాలు కట్టేశారు. ఎడింబరో దగ్గర గ్రాంటన్‌లో దొరికిన ఒక రాతిపలక మీద ఈల్ చేపలాంటి మెత్తటి దేహపు ముద్రతో పాటు ఈ పళ్లు కనబడింది 1983లో. వేడికి ఇవి లేత పసుపు నుంచి గోధుమ, నలుపు రంగులకు మారతాయని 1977లో ఆనిటా ఎప్‌స్టైన్ బృందం పట్టిక కట్టింది. దానివల్ల ఒకే పన్ను రాతి కాలాన్నీ, అది ఎంత వేడెక్కిందన్నదాన్నీ చెబుతోంది. చమురు మిగిలి ఉండే అవకాశం ఉందో లేదో చమురు సంస్థలు దాన్నిబట్టే అంచనా వేస్తాయి.

డెవోనియన్ నుంచి క్రెటేషియస్ చివర దాకా అమ్మొనాయిడ్ల రాజ్యం. సుడి తిరిగిన ఈ గుల్లలు తెలుగువారికి కొత్తవి కావు. నేపాల్‌లోని కాళీ గండకి నదిలో దొరికి, ఇళ్లలో పూజలందుకునే సాలగ్రామాల లోపలి చక్రాలు జురాసిక్, క్రెటేషియస్ కాలాల అమ్మొనైట్లే. హిమాలయం లేవకముందు అక్కడున్న టెథిస్ సముద్రపు బురదలో అవి నిలిచాయి. ఆ బురద గట్టిపడిన షేలే స్పితి లోయలోనూ ఉంది. కచ్‌లోని జురాసిక్ పొరలను 1870లలో విల్హెల్మ్ వాగెన్, ఆ తరవాత స్పాత్ అమ్మొనైట్లతోనే విభజించారు. తమిళనాడులోని అరియలూరు క్రెటేషియస్ పొరల మీద భూవిజ్ఞానులు బ్లాన్‌ఫర్డ్, స్టోలిచ్కా చేసిన పని నేటికీ పునాదే.

క్రెటేషియస్ నుంచి నేటి దాకా కాలాన్ని చెప్పే బాధ్యత కంటికి సరిగా ఆనని జీవులది. ఫొరామినిఫెరా అన్నవి ఏకకణ జీవులు, గదులు గదులుగా సున్నపు గుల్ల కట్టుకుంటాయి. తేలే రకాలు అన్ని మహాసముద్రాల్లోనూ ఉన్నాయి. నానోశిలాజాలు మరీ చిన్నవి, కొన్ని మైక్రాన్ల సున్నపు బిళ్లలు. చిటికెడు బురదను నీళ్లతో గాజుపలక మీద పూసి సూక్ష్మదర్శినిలో పెడితే నిమిషాల్లో కాలం చెప్పవచ్చు. ఎర్లండ్ మార్టిని 1971లో వాటితో కట్టిన మండలాల సంఖ్యలనే సముద్రగర్భ తవ్వకాల నివేదికలు ఈనాటికీ వాడుతున్నాయి.

ఈ పద్ధతికి దిగువ హద్దు ఒకటుంది. గుల్లజీవులు పుట్టకముందు పేరుకున్న రాళ్ల దగ్గర ఇది పనిచేయదు. మన ఇళ్లలో పరిచే తాండూరు, బేతంచర్ల నాపరాళ్లు సముద్రపు సున్నపు బురదే అయినా వాటిలో ఒక్క గుల్ల కనిపించదు. కడప జిల్లా వేంపల్లె సున్నపురాళ్లలో సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన స్ట్రొమటోలైట్లున్నాయి. అవి చూడ ముచ్చటగా ఉంటాయి కానీ కాలాన్ని కచ్చితంగా చెప్పవు. ఆ వరసలోకి చొచ్చుకొచ్చిన అగ్నిశిలలే అక్కడ గడియారాలు. వాటి లెక్క 190 కోట్ల ఏళ్ల దగ్గర తేలుతోంది.

సరిహద్దులు, సంవత్సరాలు

యుగాల హద్దులను ఒక్కొక్క దేశం ఒక్కో చోట పెట్టుకునే అలవాటుకు 1972లో తెరపడింది. అప్పటి చెకొస్లొవేకియాలోని క్లోంక్ కొండ మీద, మోనోగ్రాప్టస్ యూనిఫార్మిస్ అనే గ్రాప్టొలైట్ తొలిసారి కనిపించే పొరను డెవోనియన్ ఆరంభంగా అంతర్జాతీయ సమాజం ఒప్పుకుంది. అప్పటి నుంచి ఒక్కో హద్దుకూ ప్రపంచంలో ఒకే ఒక్క చోట గుర్తు పెడుతున్నారు. లాప్‌వర్త్ తిరిగిన డాబ్స్ లిన్‌లో సైలూరియన్ ఆరంభం ఉంది. ట్రయాసిక్ ఆరంభాన్ని చైనాలోని మెయ్‌షాన్‌లో హిండియోడస్ పార్వస్ అనే కోనోడాంట్ తొలి ఉనికి దగ్గర 2001లో నిర్ణయించారు. జురాసిక్, క్రెటేషియస్‌ల మధ్య హద్దు మాత్రం తెమలడం లేదు. అప్పట్లో ఉత్తర సముద్రాల అమ్మొనైట్లు, టెథిస్ అమ్మొనైట్లు వేరు వేరు జాతులుగా విడిపోవడంతో ఒకదాని వరసను మరొకదానితో కలపడం కష్టమైంది.

శిలాజాల మధ్య అగ్నిపర్వతపు బూడిద పొర చిక్కితే సంవత్సరాల లెక్క దొరుకుతుంది. బూడిదలోని జిర్కాన్ స్ఫటికాల్లో యురేనియం సీసంగా మారే వేగం తెలిసినదే. మెయ్‌షాన్ హద్దుకు పైనా కిందా బూడిద పొరలున్నాయి. అందువల్ల ఆ హద్దు 25.19 కోట్ల ఏళ్ల నాటిదని తేలింది. సముద్రజీవుల్లో అత్యధిక భాగాన్ని తుడిచిపెట్టిన ప్రళయం అక్కడ దాదాపు 60 వేల ఏళ్లలోనే జరిగిందని 2014లో లెక్కగట్టారు. శిలాజం, జిర్కాన్ కలిస్తే వచ్చే కచ్చితత్వం ఇది. జిర్కాన్ ఒక్కటే ఉంటే ఆ పొర మరో ఖండంలో ఎక్కడుందో తెలియదు. గుల్లలోని స్ట్రాన్షియం ఐసోటోపుల నిష్పత్తి కూడా ఆనాటి సముద్రపు నీటి గుర్తును మోస్తుంది. గత 4 కోట్ల ఏళ్లుగా ఆ నిష్పత్తి పెరుగుతూ వచ్చింది కాబట్టి ఒక గుల్లలో దాన్ని కొలిచి ఆ గుల్ల కాలాన్ని అంచనా వేయగలుగుతున్నారు. 1963లో జాన్ వెల్స్ డెవోనియన్ పగడాల మీది సన్నటి రోజువారీ గీతలను లెక్కపెట్టి, అప్పటి ఏడాదికి సుమారు 400 రోజులని చూపాడు. భూభ్రమణం నెమ్మదిస్తోందని ఖగోళ శాస్త్రం చెప్పినదానికి అది సరిపోయింది.

తప్పుదారులు

ఒకే వరస కనిపించినంత మాత్రాన ఒకే కాలం కాకపోవచ్చని థామస్ హక్స్‌లీ 1862లోనే హెచ్చరించాడు. ఒక జీవి ఒక చోట పుట్టి మరో చోటికి ఆలస్యంగా చేరి ఉండవచ్చు. నది పాత పొరను కోసి అందులోని గుల్లలను కొత్త బురదలో కలిపితే ఆ రాయి ఉన్న వయసు కన్నా పాతదిగా కనిపిస్తుంది. అందుకే ఒక్క శిలాజంతో తీర్పు చెప్పకూడదు.

1998లో సోన్ లోయలోని వింధ్య సున్నపురాళ్లలో కేంబ్రియన్ నాటి చిన్న గుల్లలు దొరికాయన్న ప్రకటన వెలువడింది. అదే నిజమైతే వింధ్య పొరల వయసు వంద కోట్ల ఏళ్లకు పైగా తగ్గాలి. జిర్కాన్ లెక్కలు అందుకు ఒప్పుకోలేదు. ఆ పొరలు దాదాపు 160 కోట్ల ఏళ్ల నాటివని తేలింది. కనబడిన ఆకారాలు ఆ పాతకాలపు సూక్ష్మజీవులవని తరవాతి పరిశీలనలు చూపాయి. ఆ ప్రకటన మీద జరిగిన వాదోపవాదాల వల్లే వింధ్య వరసకు నికరమైన సంఖ్యలు వచ్చాయి. అసలు హాని మరోలా జరిగింది. హిమాలయాల్లో దొరికాయంటూ ఒక భారతీయ ఆచార్యుడు ఏళ్ల తరబడి ప్రకటించిన కోనోడాంట్లు, అమ్మొనాయిడ్లలో కొన్ని అమెరికా, మొరాకో వంటి దేశాల నుంచి వచ్చినవని జాన్ టాలెంట్ 1989లో నేచర్ పత్రికలో బయటపెట్టాడు. వాటిని నమ్మి కట్టిన హిమాలయ పొరల పోలికలను మళ్లీ విడదీసి చూడాల్సి వచ్చింది. శిలాజం విలువ అది ఏ పొరలో దొరికిందో నమ్మకంగా తెలిసినప్పుడే.

బావులు, గోదావరి లావాలు

1920లలో టెక్సాస్ చమురు బావుల్లో ఎస్తర్ ఆప్లిన్, ఆల్వా ఎలిసర్, హెడ్విగ్ నైకర్ అనే ముగ్గురు మహిళలు ఫొరామినిఫెరాతో భూగర్భ పొరలను పోల్చడం మొదలుపెట్టారు. బరమా బండి పెద్ద గుల్లలను పొడి చేస్తుంది కానీ సూక్ష్మ గుల్లలు చెక్కుచెదరకుండా బురదతో పైకి వస్తాయి. ఇక్కడ ఒక మెలకువ అవసరం. బావి గోడల నుంచి పైపొరల ముక్కలు కిందికి రాలుతుంటాయి కాబట్టి ఒక జాతి ఎక్కడ పుట్టిందన్నది బావిలో నమ్మదగినది కాదు. కిందికి దిగుతూ ఉంటే అది మొదట ఎక్కడ ఎదురైందో, అంటే అది అంతరించిన మట్టాన్ని, లెక్కలోకి తీసుకుంటారు. కృష్ణా గోదావరి బేసిన్‌లో ఓఎన్‌జీసీ బావుల పొరలను కలిపేదీ ఈ పద్ధతే.

ఆ బేసిన్‌లోనే దక్కన్ లావాల వయసు చిక్కు విడిపోయింది. రాజమహేంద్రవరం పక్కన కాతేరులోనూ, గోదావరికి పడమట పంగిడి, దుద్దుకూరు దగ్గరా నల్లరాతి క్వారీలున్నాయి. అక్కడ కింద ఒక లావా వరస, పైన మరో లావా వరస, రెంటి మధ్య గుల్లలున్న సున్నపురాయి ఉంటాయి. పడమటి దక్కన్ నుంచి లావా పాత నదీలోయల వెంట సుమారు వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి ఇక్కడి సముద్రతీరాన్ని చేరిందని 2008లో ఒక బృందం రసాయన పోలికలతో చూపింది. మహారాష్ట్రలో లావాల నడుమ చెరువుల్లో పేరుకున్న పొరల్లో మంచినీటి నత్తలు, మొక్కలే ఎక్కువగా ఉన్నాయి. వాటిలోని తాటిజాతి మొక్కలను చూసి 1934లో బీర్బల్ సాహ్ని ఆ లావాలు క్రెటేషియస్ తరవాతివని వాదించాడు. లావాల కింది లమేటా పొరల్లోని డైనోసార్ ఎముకలను చూసినవారు వాటిని క్రెటేషియస్‌కు దగ్గరగానే ఉంచాలన్నారు. సముద్రం తగలని చోట ఈ తగువు తేలలేదు.

2008లో గెర్టా కెల్లర్ బృందం రాజమహేంద్రవరం క్వారీల్లోని సున్నపురాయిని కడిగి, తేలే ఫొరామినిఫెరాను వెతికింది. క్రెటేషియస్ అంతమైన ప్రళయం తరవాత తొలి కొద్ది లక్షల ఏళ్లలో మాత్రమే బతికిన చిన్నచిన్న రకాలు అక్కడ దొరికాయి. అంటే కిందిలావా ప్రళయానికి ముందుదో, సరిగ్గా అప్పటిదో, పైలావా తరవాతిది. 6.6 కోట్ల ఏళ్ల నాటి సంఘటనకూ లావాకూ మధ్య ముందు వెనకలు ఇంత సన్నగా దొరికిన చోట్లు దక్కన్‌లో అరుదు. ఆ బృందమే 2011లో ఓఎన్‌జీసీ బావుల నమూనాలను పరిశీలించి, కిందిలావాల నడుమ పొరల్లో క్రెటేషియస్ చివరి ఫొరామినిఫెరా జాతులు తగ్గుతూ పోయాయని రాసింది, లావాలే ప్రళయానికి ప్రధాన కారణమని వాదించింది. మెక్సికోలోని చిక్సులూబ్‌లో పడిన గ్రహశకలమే కారణమనేవారు ఆ వాదనను ఒప్పుకోలేదు. జిర్కాన్ లెక్కలు దక్కన్ లావాల ప్రధాన భాగాన్ని ప్రళయానికి ముందూ వెనకా కలిపి పది లక్షల ఏళ్లలోపు సర్దాయి కానీ, అందులో ఎంత ముందో ఎంత వెనకో అన్నదాని మీద ప్రయోగశాలల మధ్య ఏకాభిప్రాయం కుదరలేదు. ఆ తేడాను తేల్చగల సముద్రపు పొర, లావాల మధ్యలో చిక్కుకుని, నరసాపురం, పాలకొల్లు వైపు బావుల అడుగున, పంగిడి క్వారీల గోడల్లో ఉంది.